నాలుగో తరగతి పిల్లలు ఎమ్మెల్యేకి బడి సంగతి చెప్పాలంటే ఎలా?

చాక్‌పీస్:
ప్రాథమిక పాఠశాల. 68 మంది పిల్లలు, ఐదు తరగతులు, ఇద్దరే టీచర్లు. మరుగుదొడ్లు రెండున్నాయి, నీళ్లు రావు. వచ్చే నెల మొదటి వారం కొత్తగా కట్టిన మూడో గది ప్రారంభానికి ఎమ్మెల్యే వస్తున్నారు. ఆ రోజు 4, 5 తరగతుల పిల్లల చేతే సమస్యలు చెప్పిద్దామని తల్లిదండ్రుల కమిటీ ఆలోచన. హెచ్ఎం మాత్రం "చివరికి నా మెడకే చుట్టుకుంటుంది" అంటున్నారు. ఎవరు మాట్లాడాలి, ఎంతసేపు, కాగితం మీద ఏముండాలి, ఆ తర్వాత ఏం చేయాలి? తెలిసినవాళ్లు చెప్పండి. స్పీచ్ రాసిచ్చి బట్టీ పట్టించడం నాకు నచ్చడం లేదు.

వంకాయ్_కూర:
బట్టీ పట్టిస్తే "గౌరవనీయులైన" దగ్గరే బండి ఆగిపోతుంది. ఆ మాట దగ్గర పిల్లలకు నోరు తిరగదు.

జీవో_పురుగు:
ఏ రాష్ట్రం? దాన్నిబట్టి దారులు మారతాయి. తెలంగాణలో ఇప్పుడు బడి పనులన్నీ అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ చేతిలో ఉన్నాయి, అధ్యక్షురాలు మహిళా సంఘం నుంచి వస్తారు.

చాక్‌పీస్:
ఆంధ్రానే.

రిటైర్డ్_హెచ్ఎం:
హెచ్ఎం గారి భయం ఉత్తది కాదు. ప్రభుత్వ ఉద్యోగి తన శాఖ సంగతి రాజకీయ నాయకుడి దాకా తీసుకెళ్తే ప్రవర్తనా నియమావళి కింద మెమో ఇవ్వొచ్చు. పిల్లల్ని ముందుపెట్టి చెప్పించారంటే సంజాయిషీ అడగడం ఇంకా తేలిక. కాబట్టి ఇది హెచ్ఎం చేతి మీదుగా నడవకూడదు.

ముందు కమిటీ సమావేశం పెట్టి, మినిట్స్ పుస్తకంలో తీర్మానం రాయండి: "ఫలానా తేదీన శాసనసభ్యులకు వినతి ఇవ్వాలని, పిల్లల అభిప్రాయం పిల్లలే చెప్పాలని తీర్మానించడమైనది." కింద తల్లిదండ్రుల సంతకాలు. హెచ్ఎం కన్వీనర్ కాబట్టి ఆయన సంతకమూ పడుతుంది, కానీ వినతిపత్రం మాత్రం చైర్‌పర్సన్ పేరుతో వెళ్లాలి. విద్యాహక్కు చట్టం సెక్షన్ 21 ప్రకారం ఆ కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే, సగం మంది మహిళలు. వాళ్లు అడిగితే మెమో ఎవరికిస్తారు?

ఇంకోటి. పిల్లలు మాట్లాడేటప్పుడు హెచ్ఎం వేదిక మీద వాళ్ల ఎదురుగా నిలబడకూడదు. "మీ సార్ బాగా చెప్తున్నారా?" అని ఎమ్మెల్యే అడగడం ఖాయం. పిల్ల వెంటనే సార్ ముఖం చూస్తుంది. అక్కడితో అయిపోయింది.

గోదారి_గట్టు:
అసలు పిల్లల్ని ఎందుకండీ మధ్యలోకి లాగడం? అర్జీ ఇవ్వాల్సింది పెద్దలు. పిల్ల మాట్లాడితే ఎమ్మెల్యే బుగ్గ పుణుకుతారు, చాక్లెట్ ఇస్తారు, ఫోటో దిగుతారు. మర్నాడు ఆయన ఫేస్‌బుక్ పేజీలో "చిన్నారుల సమస్యలపై స్పందించిన" అని వస్తుంది. మరుగుదొడ్డిలో నీళ్లు మాత్రం రావు.

ఎస్ఎంసీ_అక్క:
గట్టు గారూ, ఫోటో సంగతి నిజమే. కానీ పిల్లలకు మాట్లాడే హక్కుంది. ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో 12వ అధికరణం: తమకు సంబంధించిన విషయాల్లో పిల్లలు అభిప్రాయం చెప్పొచ్చు, వయసుకూ పరిణతికీ తగ్గట్టు దానికి విలువ ఇవ్వాలి. మన దేశం 1992 డిసెంబరు 11న దాన్ని అంగీకరించింది. విద్యాహక్కు చట్టం కింద వచ్చిన 2010 కేంద్ర నమూనా నియమాలైతే ఇంకో అడుగు ముందుకెళ్లాయి. కమిటీలో తల్లిదండ్రులు పోగా మిగిలే పాతిక శాతంలో మూడో వంతు స్థానిక విద్యావేత్తలో, ఆ బడి పిల్లలో ఉండొచ్చని రాశాయి. ఆ స్థానాల్లో పిల్లల్ని కూర్చోబెట్టిన బడిని నేనైతే చూడలేదు, అది వేరే సంగతి.

గోదారి_గట్టు:
హక్కు లేదనలేదండీ. పెద్దలు రాసిన మాట పిల్లల నోట పలికించడం హక్కా అంటున్నాను.

ఎస్ఎంసీ_అక్క:
కాదు. అందుకే ముందు పిల్లలకేం కావాలో తెలుసుకోవాలి. దానికి చింతపిక్కల పద్ధతి ఉంది. బడిలో ఇబ్బందులన్నీ పిల్లల్నే బొమ్మలు గీయమనండి, ఒక్కో కాగితం మీద ఒక్కటి. పదికి మించొద్దు. కాగితాలు నేల మీద పరిచి పిల్లకి ఐదు చింతపిక్కలివ్వండి. ఎక్కువ బాధపెట్టేదాని మీద ఎక్కువ పెడతారు. ఒక్కొక్కరే లోపలికి వచ్చి పెట్టాలి. గుంపుగా వదిలితే మొదటి పిల్ల ఎక్కడ పెడితే అందరూ అక్కడే పెడతారు. ఆడపిల్లలకు గోధుమరంగు పిక్కలు, మగపిల్లలకు సున్నం రాసిన పిక్కలు ఇస్తే ఎవరి బాధ ఏమిటో విడిగా తెలుస్తుంది. టీచర్లు బయటే ఉండాలి. 68 మందికి గంటన్నర పడుతుంది.

ఫలితం చూసి పెద్దలు తెల్లబోతుంటారు. పెద్దలు టీచరు పోస్టు అనుకుంటారు. పిల్లలు తలుపు గడియ మీద, గేటు లేని ప్రహరీలోంచి వచ్చే కుక్క మీద పెడతారు.

వంకాయ్_కూర:
పిక్కలు ముందే లెక్కపెట్టుకోండి, సగం జేబుల్లోకే పోతాయి. పచ్చీసు ఆడుకోవద్దూ మరి.

పాలమూరు_పిల్లగాడు:
అక్క చెప్పింది మంచిగుంది. కని గోడ అడుగుడు గొంతెమ్మ కోరిక అంటరు కొందరు, గట్ల కాదు. ప్రహరీ గానీ కంచె గానీ ఉండాలని విద్యాహక్కు చట్టం షెడ్యూల్‌లనే ఉన్నది. టీచరుకొక గది, ఆడపిల్లలకు మగపిల్లలకు వేరు వేరు మరుగుదొడ్లు, తాగునీళ్లు, వంటగది, ఆటస్థలం, గ్రంథాలయం, అన్నీ అందులనే ఉన్నయ్. అర్జీల "దయతో" అని రాయకుర్రి, "షెడ్యూల్ ప్రకారం" అని రాయుర్రి.

జీవో_పురుగు:
టీచర్ల లెక్క కూడా అదే షెడ్యూల్‌లో ఉంది. ప్రాథమికంలో 60 మంది వరకు ఇద్దరు, 61 నుంచి 90 వరకు ముగ్గురు, 91 నుంచి 120 వరకు నలుగురు. 68 అంటే ముగ్గురు రావాలి. కానీ 60 దగ్గర గీత పదునుగా ఉంది. ఎనిమిది మంది ప్రైవేటుకి పోయారంటే మీ వాదన కూలిపోతుంది. యూడైస్‌కి (దేశంలోని బళ్లన్నిటి వివరాలు నమోదయ్యే ప్రభుత్వ డేటాబేస్) సెప్టెంబరు 30 నాటి హాజరుపట్టీ లెక్క తీసుకుంటారు. ఆ రోజు ఎంతమంది ఉన్నారో చూసుకుని రాయండి. వినతిలో 11 అంకెల యూడైస్ కోడ్ తప్పక వేయండి, ఆంధ్రా అయితే 28తో మొదలవుతుంది. ఊరి పేరు ఒక్కటే రాస్తే డీఈఓ (జిల్లా విద్యాధికారి) ఆఫీసులో అదే పేరున్న ఇంకో ఊరి బడి ఫైల్లోకి పోతుంది.

చాక్‌పీస్:
మరుగుదొడ్ల లెక్క?

జీవో_పురుగు:
స్వచ్ఛ విద్యాలయ లెక్కలో 40 మందికి ఒక యూనిట్. యూనిట్ అంటే ఒక మరుగుదొడ్డి, మూడు మూత్రశాలలు. మీ దగ్గర ఆడపిల్లలెంతమంది?

చాక్‌పీస్:
36. మగపిల్లలు 32.

జీవో_పురుగు:
అంటే కాగితం మీద మీ బడి పాస్. కొత్త మరుగుదొడ్డి అడిగితే "నిబంధన ప్రకారం సరిపోను ఉన్నాయి" అని ఒక్క ముక్కలో తిప్పి పంపుతారు. మీ బాధ నీళ్లు కదా, నీళ్లే అడగండి. దానికంటే ముందు ఇంకో పని: యూడైస్‌లో ఎన్ని మరుగుదొడ్లున్నాయో, అందులో పనిచేసేవెన్నో వేరువేరుగా నింపాలి. మీ హెచ్ఎం రెండోదాంట్లో కూడా 2 వేసి ఉంటే ఎమ్మెల్యే ఫోన్ చేసిన నిమిషంలో ఎంఈఓ (మండల విద్యాధికారి) "అన్నీ పనిచేస్తున్నాయి సార్" అంటారు. పిల్ల అబద్ధం చెప్పినట్టవుతుంది.

చాక్‌పీస్:
ఇప్పుడే చూశాం. 2 అనే ఉంది :(

రిటైర్డ్_హెచ్ఎం:
అన్ని బళ్లలోనూ అంతే. "పనిచేయడం లేదు" అని వేస్తే ఎందుకు చేయడం లేదో వివరణ ఇవ్వాలని భయం. కమిటీ తీర్మానంలో ఫలానా తేదీ నుంచి నీళ్లు లేవని రాసుకుంటే హెచ్ఎం గారికి కూడా కాగితం రక్ష. బోరు ఉందా, లేదా?

చాక్‌పీస్:
బోరుంది. వేసవి సెలవుల్లో మోటారు కాలిపోయింది. ట్యాంకు బాగానే ఉంది, 500 లీటర్లది.

సీమ_సిన్నోడు:
మోటారు కోసం ఎమ్మెల్యే ఎందుకప్పా! సమగ్ర శిక్ష కాంపోజిట్ గ్రాంటు, అదే బడి ఖర్చులకు ఏటా ఇచ్చే డబ్బు, ఉండాది కదా. 30 మంది దాకా 10 వేలు, 31 నుంచి 100 దాకా 25 వేలు, 101 నుంచి 250 దాకా 50 వేలు. మీకు 25 వేలు రావల్ల. అందులో కనీసం పది శాతం పరిశుభ్రతకే పెట్టల్ల. మోటారు మళ్లీ చుట్టిస్తే సరిపోతాదేమో ముందు మెకానిక్‌ని అడగండి. కొత్తదే కావల్లంటే పంచాయతీ కార్యదర్శిని పట్టుకోండి.

పిల్లలు అంత చెప్పినాక ఎమ్మెల్యే తిరిగి "ఆ 25 వేలు ఏమయ్యాయి?" అంటే ఏం చెప్తారు? ఖర్చు పుస్తకం ముందే చూసి పెట్టుకోండి. గ్రాంటు ఆలస్యంగా వచ్చిందా, అసలు రాలేదా, సున్నాలకూ సుద్దముక్కలకూ అయిపోయిందా, ఏదో ఒకటి చేతిలో ఉండల్ల.

గోదారి_గట్టు:
ఇదిగో, ఇప్పుడు దారికొచ్చింది. 500 లీటర్ల ట్యాంకుంది. మనిషికి మూడు లీటర్లనుకున్నా 68 మందికి 200 లీటర్లు. రోజుకొక్కసారి నింపితే సరి. దీనికి శాసనసభ్యుడు అక్కర్లేదు, ఎలక్ట్రీషియన్ చాలు. మోటారు బాగయ్యాక సెలవుల్లో విప్పి ఎవరింట్లోనైనా పెట్టండి. లేకపోతే జూన్‌కి మోటారే ఉండదు.

చాక్‌పీస్:
అంటే ఎమ్మెల్యే దగ్గర టీచరు సంగతొక్కటే పెట్టమంటారా?

రిటైర్డ్_హెచ్ఎం:
ఒక్కటే పెట్టండి. ఐదు అడిగితే అందులో ఆయనకి తేలికైనది ఎంచుకుంటారు, సాధారణంగా అది గేటుకి రంగు. పైగా ప్రారంభించేది కొత్త గది. గదులు మూడు, టీచర్లు ఇద్దరు. అడగడానికి దీనికన్నా మంచి సందర్భం దొరకదు.

పాలమూరు_పిల్లగాడు:
కని టీచర్‌ను వేసేది ఎమ్మెల్యే కాదు. పోస్టు పుట్టుడు సర్కారు చేతిల ఉంటది, సర్దుబాటు మీద పంపుడు డీఈఓ, ఎంఈఓ చేతిల ఉంటది. పిల్లలు "మాకు టీచర్‌ని ఇయ్యుండ్రి" అంటే "ఇస్తాం అమ్మా" అని పోతడు. అడిగేది ఆయన చేతిల ఉన్న పనే కావాలె: డీఈఓకు లేఖ రాయుడు, ఇంకోటి అసెంబ్లీల అడుగుడు.

అసెంబ్లీ_గ్యాలరీ:
పాలమూరు అన్న చెప్పిన రెండోది చాలామందికి తెలియదు. ఎమ్మెల్యే సభలో ప్రశ్న వేస్తే శాఖలో దాన్ని ఎల్ఏక్యూ అంటారు. ఎల్ఏక్యూ వచ్చిందంటే కమిషనరేట్ నుంచి డీఈఓకి, డీఈఓ నుంచి ఎంఈఓకి ఆ సాయంత్రమే ఫోన్లు. "నియోజకవర్గంలో 60 మందికి పైగా పిల్లలుండి ఇద్దరే టీచర్లున్న ప్రాథమిక పాఠశాలలు ఎన్ని?" అని అడిగితే మంత్రి లెక్క చెప్పి తీరాలి. ఒక్క బడి గురించి అడిగితే ఎంఈఓ తాత్కాలికంగా ఒకరిని పంపి "పరిష్కరించాం" అంటారు. నియోజకవర్గం మొత్తం అడిగితే అలా కుదరదు.

టీచర్ ఎమ్మెల్సీలను కూడా నమ్ముకోకండి. రాజ్యాంగం 171వ అధికరణం ప్రకారం వాళ్ల ఓటర్లు ఉన్నత పాఠశాల, ఆ పై స్థాయిలో పనిచేసేవాళ్లు. ప్రాథమిక బడిలో ఎస్జీటీకి (సెకండరీ గ్రేడ్ టీచర్) ఆ ఎన్నికలో ఓటే లేదు.

వంకాయ్_కూర:
ఓటు లేనివాళ్ల బడి, ఓటు లేని పిల్లలు. భలే కుదిరింది.

ఎస్ఎంసీ_అక్క:
ఇక పిల్లలు ఏం చెప్పాలి అన్నది. "టీచర్ల కొరత" పిల్లల మాట కాదు. పిల్లలకు కనిపించేది: ఇప్పుడు మా దగ్గర సార్ ఉన్నారా, లేరా. దాన్నే లెక్కపెట్టించండి. వారం రోజుల పట్టిక గీయండి. రోజుకు 8 పీరియడ్లు, 6 రోజులు, మొత్తం 48 గళ్లు. ప్రతి గడిలో పిల్లలే మూడింటిలో ఒక గుర్తు పెట్టాలి: సార్ మా దగ్గర, సార్ పక్క తరగతిలో, సార్ ఆఫీసు పనిలో. మధ్యలో సెలవు వస్తే ఆ గళ్లు కొట్టేయాలి, ఊహించి నింపకూడదు. తరగతికొక పట్టిక, తరగతికొక లీడరు.

సీమ_సిన్నోడు:
అక్కా, అదే పట్టిక టీచరు మీదికే తిరుగుతాది. "అయ్యవారు తరగతికి పోవడం లేదంట" అని పేపర్లో వేస్తారు చూడండి.

ఎస్ఎంసీ_అక్క:
అందుకే గళ్లకు ఆ పేర్లు. "సార్ రాలేదు" అన్న గడి పెట్టకూడదు. ఎక్కడున్నారో రాస్తే ఆయన ఖాళీగా లేరని అందులోనే తెలుస్తుంది. పట్టిక మొదలుపెట్టే ముందు ఇద్దరు టీచర్లకూ చూపించి ఒప్పించండి. వాళ్లకు దాచి చేస్తే బడి రెండు ముక్కలవుతుంది. చాలాచోట్ల ఇదంతా చెడేది అక్కడే.

రిటైర్డ్_హెచ్ఎం:
మూడో గుర్తు చూసుకోండి, అదే అసలు సరుకు. యాప్‌లో మధ్యాహ్న భోజనం ఫోటో, మరుగుదొడ్డి ఫోటో, హాజరు, ఇంకా ఏవేవో. విద్యాహక్కు చట్టం సెక్షన్ 27 ప్రకారం టీచర్లను జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప బోధనేతర పనులకు పంపకూడదు. ఫోటోలు తీయడం ఆ కిందికి వస్తుందా రాదా అని వాదించవచ్చు గానీ, గళ్లు నిండిన కాగితం ముందు వాదన ఎక్కువసేపు నిలవదు.

గోదారి_గట్టు:
సరే, ఒప్పుకున్నా. ఇది పిల్లల మాటే. పిల్లలు లెక్కపెట్టారు కాబట్టి ఎమ్మెల్యే తిరిగి అడిగినా తడబడరు.

ఎస్ఎంసీ_అక్క:
మాట్లాడేది ఇద్దరు చాలు. ఫస్ట్ వచ్చే పిల్లని కాదు, పట్టిక నింపిన పిల్లని పంపండి. ఒకరు పట్టిక పట్టుకోవాలి, ఒకరు చెప్పాలి. మూడు వాక్యాలు, ముప్పై నలభై సెకన్లు. ఇంట్లో మాట్లాడే యాసలోనే చెప్పనివ్వండి. మైకు పిల్ల ఎత్తుకి ముందే దించి పెట్టండి. స్టాండు సర్దడంలో పోయే అర నిమిషానికే పిల్ల బిగుసుకుపోతుంది. కార్యక్రమం చివర్లో పెడితే ఎమ్మెల్యే వెళ్లిపోతారు. రిబ్బన్ కత్తిరించగానే, గదిలోపలే చెప్పించండి. పూలదండలకంటే ముందు.

జీవో_పురుగు:
కాగితం ఒక్క పేజీ. పైన బడి పేరు, యూడైస్ కోడ్, పిల్లల సంఖ్య, పనిచేస్తున్న టీచర్లు, చట్టం ప్రకారం ఉండాల్సినవారు. మధ్యలో కోరిక ఒక్క వాక్యంలో. వెనక పిల్లల పట్టిక జెరాక్స్. రెండు కాపీలు. ఎమ్మెల్యే దాని మీద "డీఈఓ, తగు చర్య నిమిత్తం" అని రాసి సంతకం పెడితే అదే ఎండార్స్‌మెంట్. అది పీఏ సంచీలోకి పోకముందే రెండో కాపీ మీద కూడా రాయించండి. పీఏ నంబరు తీసుకోండి. ఎండార్స్ అయిన కాగితం డీఈఓ ఆఫీసు ఇన్‌వార్డులో (వచ్చిన కాగితాలు నమోదు చేసే చోట) మీరే ఇచ్చి నంబరు వేయించుకోండి. వాళ్లు పంపుతారని కూర్చోకండి.

సీమ_సిన్నోడు:
ఆ తర్వాత నెలకి ఆర్టీఐ. "ఫలానా ఇన్‌వార్డు నంబరు మీద తీసుకున్న చర్య ఏమి?" అంతే, ఒక్క ప్రశ్న. ఫీజు మన దగ్గర గ్రామస్థాయిలో లేదు, మండలంలో 5, జిల్లాలో 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రావల్ల.

జీవో_పురుగు:
పక్కనే ఇంకో దారి కూడా తెరిచి పెట్టుకోండి. విద్యాహక్కు చట్టం సెక్షన్ 32 కింద స్థానిక సంస్థకు రాతపూర్వక ఫిర్యాదు. మూడు నెలల్లో తేల్చాలి. తేల్చకపోతే రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కి అప్పీలు. సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌కి మాత్రం పిల్లల్ని యూనిఫాంలో తీసుకెళ్లకండి. బడి మానిపించి తెచ్చారని మాట వస్తుంది, అసలు సంగతి పక్కకి పోతుంది.

పాలమూరు_పిల్లగాడు:
ఎన్నికల కోడ్ ఉంటే కూడా ఆపుండ్రి. 2024 ఫిబ్రవరి 5న ఎన్నికల సంఘం పిల్లల్ని ప్రచారంల వాడొద్దని గట్టిగ చెప్పింది. మీది ప్రచారం కాకున్నా ఫోటో చూసినోళ్లకు ఏం తెలుస్తది?

గోదారి_గట్టు:
ఫోటో అన్నారు కాబట్టి: పీఏకి ముందే చెప్పండి, పిల్లల ముఖాలు, పేర్లు పేజీలో పెట్టొద్దని. పట్టిక ఫోటో పెట్టుకోమనండి. తల్లిదండ్రుల దగ్గర రాతపూర్వక అనుమతి తీసుకుంటే మంచిది.

అసెంబ్లీ_గ్యాలరీ:
2021 నవంబరు 14న రాజస్థాన్ శాసనసభలో పిల్లలే సభ్యులుగా బాలల సమావేశం నడిపారు. కర్ణాటక పంచాయతీల్లో మక్కళ గ్రామసభ అని పిల్లలకే విడిగా సభ పెడతారు. నా ఉద్దేశంలో రెండోదే పనికొచ్చేది. పిల్ల అడిగింది సర్పంచి ముందే పుస్తకంలోకి ఎక్కుతుంది, మళ్లీ ఏడాది అదే పుస్తకం తెరిచి అడగొచ్చు. అసెంబ్లీ కుర్చీలో కూర్చుంటే ఫోటో బాగుంటుంది, అంతే.

చాక్‌పీస్:
పట్టిక మూడు రోజులు నింపారు. నాలుగో తరగతికి ఇప్పటిదాకా 24 గళ్లలో సార్ దగ్గరున్నవి 9, పక్క తరగతిలో 11, ఆఫీసు పనిలో 4. టీచర్లిద్దరూ ఒప్పుకున్నారు, హెచ్ఎం కూడా మెత్తబడ్డారు. మోటారు చుట్టించడానికి ఇచ్చాం. వారం పూర్తయ్యాక అంకెలు మారతాయి గానీ పిల్లలు చెప్పాలనుకున్నది ఇది:

"మా తరగతికి రోజూ ఎనిమిది పీరియడ్లు. సార్ మా దగ్గర ఉండేది మూడే. మిగతాప్పుడు సార్ పక్క తరగతిలోనో ఆఫీసు పనిలోనో ఉంటారు. ఇంకో టీచర్ని పంపమని మీరు డీఈఓ గారికి రాయాలి, అసెంబ్లీలో కూడా అడగాలి. దయచేసి మా భవిష్యత్తును కాపాడండి."

ఎస్ఎంసీ_అక్క:
చివరి వాక్యం ఎవరో పెద్దలు కలిపారు.

చాక్‌పీస్:
కమిటీలో ఒకాయన :) తీసేస్తాను.

రిటైర్డ్_హెచ్ఎం:
దాని బదులు పిల్లని ఇలా అడగమనండి: "ఎప్పుడు రాస్తారు సార్?" ఆయన తేదీ చెప్తే అక్కడే పట్టిక మీద పిల్ల చేతే రాయించండి. ఆ కాగితం తరగతి గోడకి అంటించండి. జవాబు వచ్చినా రాకపోయినా పదిహేను రోజులకోసారి దాని కింద ఒక గీత రాస్తుండాలి: ఎవరిని అడిగాం, ఏమన్నారు. ఏమీ చెప్పకుండా వదిలేస్తే మళ్లీసారి ఆ పిల్లలు నోరు విప్పరు.

చాక్‌పీస్:
రాస్తాం. ఒక్క అనుమానం. ఎమ్మెల్యే చివరి నిమిషంలో రాకుండా వేరే ఎవరినైనా పంపితే?

జీవో_పురుగు:
వినతిలో తేదీ, ఎవరికి అన్నది పెన్నుతో రాసుకునేలా ఖాళీగా వదలండి. గది ప్రారంభానికి ఎవరో ఒకరు వస్తారు. ఎవరొచ్చినా ఎండార్స్‌మెంట్ కోసం ఎమ్మెల్యే క్యాంపు ఆఫీసుకి మర్నాడు చైర్‌పర్సన్ వెళ్లాలి, పిల్లలు కాదు.

వంకాయ్_కూర:
మైకు మాత్రం దించే ఉంచండి. వచ్చినాయనే వంగి మాట్లాడతాడు.